సూటయినది

1968 ఏప్రిల్ ఇరవై ఒకటో తేదీ నరసన్నపేట వారికి ఇప్పటికీ జ్ఞాపకమే. ఆ ఆదివారం సాయంత్రం పట్టణ నాగరికతాభివృద్ధి సంఘం వారు సభికులకి తలా రెండు పాకం గారెలూ, గుప్పెడు కారప్పూసా పెట్టారు. గారెలు కుదిరాయి. పాకమే కాస్త ముదిరింది. అది వేళ్ళకి అంటుకుపోయి ముఖ్య అతిథి ఉపన్యాసానికి చప్పట్లు సరిగా మోగలేదు గాని, నమలడంలో పుట్టిన చప్పుడు ఆ లోటు తీర్చింది. ఊరంతా ఒక్క వేసవిలో నాగరికమైపోవడానికి కారణం ఆ గారెలేనని చెప్పుకోవాలి.

ముఖ్య అతిథి శ్రీమతి వసుంధరాదేవి గారు విశాఖపట్నంలో ఆడపిల్లలకి గృహవిజ్ఞానం చెబుతారు. ఆనాటి ఉపన్యాస విషయం "ఋతువులు, ఫేషన్లు, మనం." ఆవిడ చెప్పినవన్నీ సబబైన మాటలే. ఎండాకాలంలో నైలాను చుట్టుకుని ఒళ్ళు ఉడకబెట్టుకోవద్దన్నారు. సినిమాలో పొడుగాటి మనిషి తొడుక్కున్న గొట్టం పాంటు పొట్టి మనిషి తొడుక్కుంటే మనిషికీ బాగుండదు, పాంటుకీ బాగుండదన్నారు. పక్కింటావిడకి బాగున్న రంగు మనకీ బాగుండాలని ఎక్కడా రాసిపెట్టి లేదన్నారు. సబబైన మాటలు కావడం వల్ల వాటిని ఎవరూ పట్టించుకోలేదు. చివర ఆవిడ గొంతు పెంచి, "ఏ సీజనుకి ఏ ఫేషను వచ్చినా సరే, ఎవరికి సూటయినది వారు వేసుకోవడమే నాగరికత!" అన్నారు. సరిగ్గా 'ఎవరికి' అన్న చోట మైకు కుయ్యిమంది. ఆ కూత అణిగి, నోట్లో గారె కూడా అణిగాక సభికులకి అందింది ఇంత: "సూటయినది వేసుకోవడమే నాగరికత."

మైకు సంఘాధ్యక్షులు నరసింగరావు గారిది. రైసు మిల్లు కూడా ఆయనదే. ఊళ్ళో సొంత మైకు ఉన్న పెద్దమనిషి ఆయనొక్కరే కాబట్టి సంఘాలన్నిటికీ ఆయనే అధ్యక్షులు. ముఖ్య అతిథి బస్సు వేళయిందని లేచి వెళ్ళిపోయిన తరవాత ఆయన మూతి తుడుచుకుని వందన సమర్పణకి లేచారు.

"అమ్మగారు కొంచెం ఖర్చుతో కూడిన సలహా సెలవిచ్చినారు. అయినా మనం వెనకాడేది లేదు. నాగరికతలో మన పట్టణం శ్రీకాకుళానికి తీసిపోతుందా? తీసిపోదు. కావున నేటినుంచి ప్రతి పౌరుడూ సూటు ధరించవలెనని ఈ సభ ఏకగ్రీవంగా తీర్మానిస్తున్నది!"

ముందు వరసలో జగన్నాధం మేష్టారు మెల్లిగా లేచి నిలబడ్డారు. విజయనగరంలో బి.ఏ. చదివి, హైస్కూల్లో చరిత్ర చెప్పి, రిటైరైన మనిషి. సభలో ఉపన్యాసం పూర్తిగా విన్నది ఆయనొక్కరే. అందులో ఆయన గొప్పేమీ లేదు. ఆయన గారెలు తినలేదు. ఎక్కడ ఏం పెట్టినా రుమాల్లో మూటకట్టి ఇంటికి, నారాయణమ్మ గారికి పట్టుకెళ్ళడం ఆయనకి పెళ్ళయిన నాటి నుంచీ అలవాటు. నారాయణమ్మ గారు పోయి నాలుగేళ్ళయింది. రుమాలు మాత్రం ఇంకా తనంతట తనే జేబులోంచి బయటికొస్తుంది. ఆ గారెలు మర్నాడు చేపలమ్మే అసిరమ్మకి ముడతాయి.

"సూటు కాదండీ," అన్నారు మేష్టారు. "సూటయినది అన్నారావిడ."

"అదే కదేటి నానూ అంటన్నాను!" అన్నారు నరసింగరావు గారు. ఆయనకి మైకులో గ్రాంథికం, మైకు బయట ఊరి మాట.

"రెంటికీ తేడా ఉందండి..."

తేడా సంగతి తేల్చడానికి హైస్కూలు తెలుగు పండితుల వారు లేచారు. "సూటు, అయినది, సూటయినది. ఇది ఉత్వసంధి. చీర కానిది, పంచె కానిది, సూటు అయినది ఏది కలదో అది. అర్థమునందు సందేహమునకు తావు లేదు," అని కూర్చున్నారు.

సాక్షాత్తూ వ్యాకరణమే అడ్డొచ్చాక చరిత్ర కూర్చోవలసిందే. మేష్టారు కూర్చున్నారు.

మర్నాడు పొద్దున్నే ఊళ్ళో చాటింపులు వేసే లక్ష్ముడు టముకేశాడు.

"ఇందుమూలంగా ఊరోలందరికీ సెప్పొచ్చేదేటంటే! రేపట్నించి ఉత్త సొక్కాతో ఎవులూ ఈదిలోకి రాకూడదంట! ముసిలీ ముతకా, పిల్లా మేకా, అందరూ సూటేసుకోవాలంట! ఆడోలి సంగతి పెసిడెంటు బాబు ఇంకా తేల్చలేదంటహో!"

అప్పటికి ఊళ్ళో కోటు అనే వస్తువు రెండే చోట్ల ఉంది. ఒకటి బేండు మేళం వాళ్ళ దగ్గర. రెండోది జగన్నాధం మేష్టారి ట్రంకుపెట్టెలో. దర్జీ జోగయ్య జన్మలో కుట్టిన కోట్లు బేండు వాళ్ళవే. ఆ కారణం చేత ఊళ్ళో మొదట తయారైన కోట్లన్నీ ఎర్రటివి, భుజాల మీద కుచ్చులున్నవి, గుండెల మీద అడ్డంగా జరీ పట్టీలు కలవి. ఎర్ర గుడ్డ అయిపోయాక కిటికీ తెరలు కోట్లయ్యాయి. తెరలూ అయిపోయాక చారల పరుపు గుడ్డ వంతు వచ్చింది. పరుపుల్లో దూది కొన్నాళ్ళు వీధుల్లో ఎగిరి ఊరికి హిమాలయ ప్రాంతపు శోభ తెచ్చింది. పాంటు మాటేమిటని కొందరు రైతులు సంఘం వారిని అడిగారు. పాంటు సంగతి అమ్మగారు ప్రత్యేకంగా సెలవివ్వలేదు కనక ప్రస్తుతానికి ఎవరి కింద వారి ఇష్టమని సంఘం జవాబిచ్చింది. పైన కోటు, కింద గోచీతో వేసవి దుక్కులు చక్కగా సాగాయి.

ఇంతలో ఒక అపశ్రుతి జరిగింది. అధ్యక్షుల వారు బంగారు కుచ్చుల కోటు తొడుక్కుని బస్సుల దగ్గర నిలబడి ఉండగా చీపురుపల్లి వైపు ఆసామీ ఒకడు బస్సు దిగి తిన్నగా ఆయన దగ్గరికే వచ్చాడు.

"ఏం మేష్ట్రూ, మీ మేళం వచ్చే లక్ష్మివారం ఖాళీయేనా? మా గుంట పెళ్ళి."

"నాను మేళం కాదు. పెసిడెంటుని."

"అదేలే, మేళానికి పెసిడెంటువి నువ్వే కదా. సన్నాయి కూడా మీ వోళ్ళేనా, ఏరేగా సూసుకోవాలా?"

ఆ రాత్రే సంఘం అత్యవసరంగా సమావేశమైంది. నాగరికులకీ మేళగాళ్ళకీ తేడా తెలియడం లేదనీ, ఆఫీసర్లు తొడుక్కునే అసలైన కోటు ఒకటి సంపాదించి దాని తీరున కుట్టించుకోవాలనీ, అటువంటి కోటు పట్టణం మొత్తం మీద శ్రీ జగన్నాధం గారి వద్ద ఒక్కటే ఉన్నదనీ, ప్రజాహితం దృష్ట్యా దానిని కుట్లు విప్పి పరిశీలించడానికి వారు ఇచ్చియుంటారనీ తీర్మానించారు. ఇచ్చియుంటారన్నది పండితుల వారి ప్రయోగం. అడగకముందే ఇచ్చేసినట్టు ఉంటుందని అందరికీ నచ్చింది.

ఆ కోటు సంగతి ఇక్కడ చెప్పుకోవాలి.

అది మేష్టారి పెళ్ళినాటి కోటు. బి.ఏ. చదివిన అల్లుడని మావగారు విజయనగరంలో ఒక పెద్ద దర్జీ చేత కుట్టించారు. బూడిద రంగు ఉన్ని గుడ్డ. పెళ్ళిలో దాన్ని తొడుక్కుని మేష్టారు ఫొటో తీయించుకున్నారు. ఫొటోలో కోటు బాగుంది. లోపల ఉన్న మనిషి మాత్రం ఎవరిదో పట్టుకుని తెచ్చినట్టు నిలబడి ఉన్నాడు. తరవాత ఆయన దాన్ని తొడుక్కోలేదు. తొడుక్కున్నది నారాయణమ్మ గారు. పుష్యమాసం చలిలో తెల్లవారుజామున లేచి, చీర మీద ఆ కోటు వేసుకుని, పెరట్లో పొయ్యి రాజేసేవారు. ఏటేటా పసుపు కొమ్ములు ఉడకబెట్టి ఎండేసేది కూడా ఆ కోటుతోనే. అలా కుడిచేతి అంచుకి రూపాయి కాసంత పసుపు మరక అంటుకుని, చాకలికి లొంగక అక్కడే ఉండిపోయింది. కోటుకి మూడు బొత్తాలు ఉండాలి. మధ్యది లేదు. పక్కింటి దేముడమ్మ కూతురు జాకెట్టుకి పెద్ద బొత్తాం కావలసి వస్తే నారాయణమ్మ గారు అప్పటికప్పుడు తెంపి ఇచ్చేశారు. "ఈ కోటు మీకు నప్పలేదండీ," అనేవారు ఆవిడ పొయ్యి ఊదుతూ, "నాకు నప్పింది." మేష్టారు ఒప్పుకునేవారు. నిజంగానే నప్పింది.

వైశాఖమాసం మిట్టమధ్యాహ్నం సంఘం వారు మేష్టారి అరుగెక్కారు. ముందు నరసింగరావు గారు, పక్కన పండితుల వారు, వెనక కత్తెర పట్టుకుని జోగయ్య.

"మేష్టారూ, మీ కోటు ఊరికి గావాల," అన్నారు అధ్యక్షుల వారు.

"చూసి ఇచ్చేస్తారా?"

"ఉత్తినే సూస్తే ఏటి లాభం బాబూ," అన్నాడు జోగయ్య. "నోపలేటుందో తెలియాల. కుట్లన్నీ ఇప్పీసి ముక్కకి ముక్క నేల మీద పరిసీస్తే అప్పుడు తెలుస్తాది దాని కత. మల్లీ నానే అతికీస్తాను."

"అతికాక మళ్ళీ అదే కోటు అవుతుందా?"

జోగయ్యకి అబద్ధమాడే అలవాటు లేదు. కాసేపు కత్తెర వైపు చూసి, "కోటవుతాది," అన్నాడు.

మేష్టారికి కాదనడం చేతకాదు. సంసారంలో ఆ శాఖ నారాయణమ్మ గారు చూసుకునేవారు. ఆయన లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టె మూత ఎత్తారు. కలరా ఉండల వాసన వెనకాల పొయ్యి పొగ వాసన ఇంకా కొంచెం ఉంది. నాలుగేళ్ళు ఆ పెట్టెలో ఉండి కూడా ఆ పొగ వెళ్ళిపోలేదంటే అది ఎవరో దయతలచి ఆపినట్టే అనిపించిందాయనకి. ఈ కుట్లన్నీ విప్పేస్తే వాసన ఏ ముక్కలో ఉంటుందో ఆయనకి తెలియలేదు. బయట జోగయ్య కత్తెరని ఊరికే ఆడిస్తున్నాడు. క్లిక్కు, క్లిక్కుమంటోంది. మేష్టారు కోటు తీశారు, మడత విప్పారు, ఏం చేస్తున్నదీ తెలియకుండానే తొడిగేసుకున్నారు. అలాగే బయటికొచ్చారు.

అరుగు మీద అందరూ నోరు తెరిచారు. వీధి చివర గోడ నీడలో కాకులు కూడా నోళ్ళు తెరుచుకునే ఉన్నాయి, అవి ఎండకి.

"అదేటి మేష్టారూ, తొడిగీసినారేటి?"

"చలిగా ఉందండి," అన్నారు మేష్టారు.

అధ్యక్షుల వారు ఆయన్ని ఎగాదిగా చూసి, ముందుకొచ్చి కౌగలించుకున్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి. కళ్ళతోపాటు మిగతా శరీరం కూడా చెమర్చే ఉంది. "సూసినావేటి రా జోగీ! నాగరికతంటే ఇదీ! రోయిణీకార్తి నెత్తి మీదుంటే ఈయనకి సలేస్తంది!"

ఇక కోటు విప్పమనడం ఎలాగ? "ధరించియున్న వస్త్రమును విప్పుమనుట సభామర్యాద కాదు," అన్నారు పండితుల వారు. ఉన్నపళంగా విప్పించకూడదు కాబట్టి, విప్పినప్పుడు తీసుకోవచ్చునని ముగ్గురూ ఒప్పుకుని వెళ్ళిపోయారు.

ఆ చివరి మాట మేష్టారు విన్నారు. అందుచేత ఆయన కోటు విప్పలేదు.

వైశాఖం వెళ్ళింది, జ్యేష్ఠం వచ్చింది. మేష్టారు కోటుతోనే బజారుకెళ్ళారు, కోటుతోనే పోస్టాఫీసుకెళ్ళారు. నూతి దగ్గర స్నానం చేస్తున్నంతసేపూ అది ఆయన ఎడంచేతి మీద ఉండేది, ఒంటిచేత్తో నీళ్ళు పోసుకునేవారు. చెమట పట్టి, ఆరి, మళ్ళీ పట్టింది. రోజూ మధ్యాహ్నానికి ప్రహరీ మీద ఒక గ్లాసు మజ్జిగ వచ్చి కూర్చునేది. దేముడమ్మ పెట్టేదో, ఆవిడ కూతురు పెట్టేదో, ఎవరూ చెప్పలేదు. మేష్టారూ అడగలేదు. తాగి, కడిగి, గోడ మీదే బోర్లించేవారు.

ఆయన ఎక్కడికెళ్ళినా జోగయ్య వెనకే వెళ్ళేవాడు. విప్పని కోటుని కంటితోనే కుట్లు విప్పుకోవలసిన గతి పట్టింది అతనికి. మేష్టారు కూరలు బేరమాడుతుంటే వీపు కొలత చూసుకునేవాడు. ఉత్తరం పెట్టెలో వేయడానికి చెయ్యెత్తితే చంకలో కుట్టు చూసుకునేవాడు. పెళ్ళినాటి కోటు కదా, మేష్టారికి చేతులు పొట్టయి మణికట్టు నాలుగు వేళ్ళు బయటికి కనిపించేది. ఆఫీసర్ల పద్ధతి అదేనని జోగయ్య రూఢి చేసుకున్నాడు. వారం తిరిగేసరికి ఊరందరి మణికట్లూ నాలుగేసి వేళ్ళు బయటికొచ్చాయి. పొట్టివాళ్ళకి మణికట్టు దాకా దించకుండా మోచేతి దగ్గరే ఆపేశాడు. తరవాత మధ్య బొత్తాం లేకపోవడం కనిపెట్టాడు. ముందే కుట్టించుకున్నవాళ్ళు పరుగెత్తుకొచ్చి తమ మధ్య బొత్తాలు తెంపించుకున్నారు. తెంపిన చోట దారప్పోగులు వేళ్ళాడితే మరీ ఉన్నతంగా ఉంటుందని కొందరు పోగులు విడిగా కుట్టించుకున్నారు.

ఇక మరక మిగిలింది.

మొదట ఒక మిల్లు గుమాస్తా కుడిచేతి అంచుకి పసుపు మరక వేయించుకుని బజార్లోకి వచ్చాడు. సాయంత్రానికి వీధి వీధంతా మరకలే. జోగయ్య దుకాణంలో పసుపు ముద్ద నానబెట్టిన ముంత ఒకటి వెలిసింది. కోటు కుట్టించుకున్నవాళ్ళు వెళ్ళేముందు అందులో బొటనవేలు ముంచి అద్దుకునేవారు. కలవారు రెండు చేతులకీ అద్దుకున్నారు. అధ్యక్షుల వారు ఒక్క మరకతో సరిపెట్టుకోలేక కోటే పసుపుపచ్చది కుట్టించుకుని, దాని మీద పసుపు కనబడదని బూడిద రంగు మరక పెట్టించుకున్నారు. ఆ మరక లండనులో న్యాయవాదుల చిహ్నమని ఒకరు, పూర్వం రాజావారి కొలువులో ఆఫీసర్ల గుర్తు అని ఇంకొకరు చెప్పారు. కళింగ కాలపు శాసనాల్లో దీని ప్రస్తావన ఉండి తీరాలనీ, ఇంకా దొరకలేదంతేననీ పండితుల వారు సెలవిచ్చారు.

"ఇది పసుపండీ," అన్నారు మేష్టారు ఒకసారి, ఆపుకోలేక.

"తెల్సు మేష్టారూ," అన్నాడు జోగయ్య వినయంగా. "ఉడకేసిందా, పచ్చిదా? ఉడకేస్తే రంగు నిలస్తాదా?"

సంఘం వారు ఒక సాయంత్రం మేష్టారికి పూలదండ వేసి "నాగరికతా శిరోమణి" అని బిరుదిచ్చారు. ఎండకి వెరవక, తన సౌఖ్యం చూసుకోక, ఫేషను కోసం ప్రాణమిచ్చేంత పని చేస్తున్న ఇటువంటి త్యాగమూర్తి జిల్లాలో లేరని నరసింగరావు గారు మైకులో కొనియాడారు. మేష్టారు తల వంచుకుని కూర్చున్నారు. సభలో వరసలు వరసలుగా చేతులు చప్పట్లు కొడుతున్నాయి. ప్రతి చేతికీ నారాయణమ్మ గారి మరక. తను ఒకళ్ళ కోసం దాచుకున్నది ఇందరి ఒంటి మీద ఊగుతుంటే ఏడవాలో నవ్వాలో ఆయనకి తెలియలేదు.

ఇందులో న్యాయంగా చెప్పుకోవలసింది మరొకటుంది. నాగరికత పల్లెల వైపు వెళ్ళినకొద్దీ మెత్తబడింది. రైతులు నాలుగు రోజులు కోటు తొడుక్కుని చూసి, అయిదో రోజున విప్పి తలకి చుట్టుకున్నారు. ఎండకి బాగుంది. విత్తనాలు జల్లేవాళ్ళు జేబుల్లో విత్తనాలు పోసుకున్నారు. కొందరు పొలంలో కర్రకి తొడిగి పిట్టల్ని బెదిరించారు. ఎవరికి ఏది ఎలా వీలో అలాగే వాడుకున్నారన్నమాట. అమ్మగారి ఉపన్యాసం, అది వినని చోటే అమలు జరిగింది.

అసిరమ్మ అయితే కొడుకు కోటుని చుట్టకుదురుగా చుట్టి నెత్తి మీద పెట్టుకుని, దాని మీద చేపల గంప పెట్టుకుని మేష్టారి గుమ్మంలోకి వచ్చింది.

"ఓలమ్మ, ఏటి బావూ, ఇంకా ఇప్పలేదేటి? నోపల ఉడికిపోతన్నారు. మా గంపలో సేపలు నయం, ఆటికి ఐసైనా ఏస్తారు."

"విప్పితే జోగయ్య పట్టుకుపోతాడే."

"పట్టుకుపోనీండి, కోటే కదా. మా గుంటడిది సూడండి, నెత్తి మీద ఎంత మెత్తగున్నాదో. ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చినాది."

అని నవ్వుతూ గంప దించి, ఆయన కుడిచేతి అంచు మీద మరకవైపు ఒకసారి చూసింది. గుప్పెడు నెత్తళ్ళ చేపలు తీసి ఆకులో పెట్టింది.

మృగశిర కార్తెలో తొలి చినుకులు పడిన మర్నాడు వసుంధరాదేవి గారు మళ్ళీ వచ్చారు. తన ఉపన్యాసం ఇంత ఫలితమిచ్చిందని అధ్యక్షుల వారు కబురు పెడితే ఆవిడ సంతోషించి, తెల్లటి నూలుచీర కట్టుకుని బస్సులో వచ్చారు. బస్సుల దగ్గర ఊరి పెద్దలు రెండు వరసల్లో నిలబడ్డారు. ఎరుపు కోట్లు, చారల కోట్లు, పువ్వుల తెర కోట్లు, మోచేతుల దాకా చేతులు, వేలాడే దారప్పోగులు, పసుపు మరకలు. మధ్యలో పసుపుపచ్చ కోటుతో నరసింగరావు గారు.

ఆవిడ బస్సు మెట్టు మీదే ఆగి, ఒకసారి అటూ ఇటూ చూసి, మర్యాదగా అడిగారు:

"పెళ్ళెవరిదండీ?"

తరవాత సభ. ఈసారి గారెలు లేవు. మైకు బాగు చేయించారు. అందువల్ల ఆవిడ చెప్పినది ఒక్క అక్షరం పొల్లుపోకుండా అందరికీ వినిపించింది.

"నేను సూటు వేసుకోమనలేదండీ. సూటయినది అన్నాను. ఇంగ్లీషు మాట వాడటం నాదే పొరపాటు. సూటయినదంటే..." ఆవిడ కాసేపు వెతుక్కున్నారు. "అంటే, నప్పినది. ఎవరికి నప్పినది వారు వేసుకోవాలి. అంతే."

మేష్టారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. నారాయణమ్మ గారు పొయ్యి ఊదుతూ ఎన్నోసార్లు అన్న మాట మైకులో వినబడటం ఆయనకి అదే మొదలు.

సభలో ఎక్కడో ఒక కోటు విప్పిన చప్పుడు. తరవాత ఇంకొకటి. అధ్యక్షుల వారు లేచి గొంతు సవరించుకున్నారు.

"తప్పు దిద్దుకోవడంలో మన పట్టణం ఎవరికీ తీసిపోదు. ఈ క్షణం నుంచీ సూటు రద్దు. ఇకమీదట ప్రతి పౌరుడూ, ఎంత ఖర్చయినా సరే, నప్పినది ధరించవలెను!"

చప్పట్లు ఈసారి బ్రహ్మాండంగా మోగాయి. ఆ హోరు తగ్గాక వేదిక పక్కనుంచి జోగయ్య చేతులు కట్టుకుని అడిగాడు:

"బాబూ, నప్పినదికి ఎన్ని గజాలు పడతాది? జేబులుంటాయేటి?"

ఈ ప్రశ్న సబబైనదని సభ భావించింది. నప్పినది ముందు విజయనగరంలో దొరుకుతుందేమో వాకబు చేసి, ఒకటి నమూనాకి తెప్పించాలని తీర్మానమైంది. నప్పిన, అది, నప్పినది అని పండితుల వారు తలూపుతున్నారు. జగన్నాధం మేష్టారు నవ్వారు. భుజాలు ఎగిరేలా, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వారు. ఆయన అలా నవ్వడం చూసి నాలుగేళ్ళయింది గాని, సభలో ఎవరూ గమనించలేదు. అంతా నమూనా ఖర్చు సంగతి మాట్లాడుకుంటున్నారు.

చీకటి పడుతుండగా మేష్టారు ఇంటికొచ్చి కోటు విప్పి నడవలో దండెం మీద ఆరేశారు. కోట్లు రద్దయ్యాయి. ఇప్పుడది ఎవరికీ అక్కరలేని పాత గుడ్డ. అంటే ఇక ఆయనదే. ఒంటికి చల్లగాలి తగిలింది. ఎక్కడో వాన పడ్డట్టుంది.

ఖాళీ గంపతో ఇంటికెళుతూ అసిరమ్మ గుమ్మం దగ్గర ఆగింది.

"ఇప్పీసినారేటి బావూ! బతికిపోనారు." అని దండెం దగ్గరికొచ్చి, కుడిచేతి అంచు రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది. "ఇది అమ్మగారి సెయ్యి కాదేటి? ఆ యేడు పసుపు ఉడకేసినప్పుడు పొయ్యిలో కట్టెలు తోసింది నానే కదా. మీకు నప్పలేదు గాని బావూ, అమ్మకి ఎంత బాగా నప్పీదో ఈ కోటు."

మేష్టారు దండెం దగ్గరికొచ్చారు. "నీకు తెలిసి కూడా ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?"

"ఎవులైనా అడిగినారేటి, సెప్పడానికి?" అంది అసిరమ్మ. గంప చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

నిజమే. ఊరంతా ఆ మరకని కొలుచుకున్నారు, అద్దుకున్నారు, దానికి శాసనాలు వెతికారు. అది ఎవరిదని ఒక్కరూ అడగలేదు. ఇంతదూరం నవ్వుకుంటూ చదివిన తమరు మాత్రం, ఇప్పుడు తొడుక్కున్న చొక్కాకి ఆ కాలరు ఎవరిని చూసి పెట్టించుకున్నారో, ఆ మనిషి కాలరు అలా ఎందుకు పెట్టుకున్నాడో కనుక్కునే ఉంటారు. నరసన్నపేట వాళ్ళ సంగతి వేరు.

వీధి చివర టముకు వినిపించింది.

"ఇందుమూలంగా సెప్పొచ్చేదేటంటే! సూటు రద్దంట! రేపట్నించి అందరూ నప్పినదేసుకోవాలంట! అదేటో తెల్సినోలు పెసిడెంటు బాబుకి సెప్పాలంటహో!"

మేష్టారు లక్ష్ముడి గొంతు మలుపు తిరిగేదాకా విన్నారు. దండెం మీద కోటు గాలికి చేతులు కొంచెం కదిపింది. ఆయన దాని మీద ఒక చెయ్యి వేసి నిలకడ చేసి, గుమ్మం దగ్గరికెళ్ళి, చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నారు.